మా ఊరి నెత్తిన వుండిన కొండ

విడపనకల్లు అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గుంతకల్లు అంటే మాత్రం రైలెక్కిన ప్రతివారికీ అర్ధరాత్రి జంక్షనూ, కాఫీ కేకలూ గుర్తుకొస్తాయి. ఆ గుంతకల్లులో దిగి బళ్లారి బస్సెక్కితే దోవలోనే మా ఊరు. మా చుట్టుపక్కల అన్నీ ఇవే పేర్లు: గుంతకల్లు, డోనేకల్లు, గడేకల్లు, కణేకల్లు. కోస్తా నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా వియ్యంకుడుగారు ఈ పేర్లు విని, "ఏమండీ, మీ వైపు కల్లు వ్యాపారం జోరుగా సాగుతుందా?" అని అడిగి తానే నవ్వుకున్నారు. కన్నడంలో కల్లు అంటే రాయి. బళ్లారి సీమ పక్కనే గనుక రెండు భాషలూ మా నోట కలిసిపోయాయి. ఆ విధంగా మేము పేర్లలోనే రాళ్లు పెట్టుకున్నవాళ్లం.

రాయి వుంది గాని, చెప్పుకోదగ్గ కొండ లేదు. నల్లరేగడి చేలు, వాటి అంచున కాస్త ఎర్రనేల, పొద్దు పొడిచే చోటి నుంచి కుంకే చోటిదాకా చదును. దక్షిణాన పాము పడగ ఎత్తినట్లు ఉరవకొండ కనిపిస్తే అదే మాకు మేరుపర్వతం. అలాంటి మా ఊరి నెత్తిన ఒకప్పుడు పెద్ద కొండలుండేవని, ఆ కొండలు పోయినందువల్లనే మా అన్న చీనీతోట ఎండిపోతున్నదని ఒక పెద్దమనిషి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో వదినె ఫోను చేసింది. వదినె ఫోను చేసిందంటే సంగతి ముదిరిందన్నమాటే.

"నాయనా, మీ అన్న నాలుగో బోరు ఏపిస్తానంటాండాడు. నా మెళ్లో వుండే రెండు పేటల గొలుసు అడుగుతాండాడు. ఇచ్చేదానికి నాకేం బాధ ల్యా. నీళ్లు పడతాయని ఎవురన్నా ఒక మాట చెబితే చాలు. నువ్వొకసారి రా."

అయిదెకరాల చీనీ. పదకొండేళ్లు బిడ్డల్లాగా పెంచిన చెట్లు. అంతకు ముందే మూడు బోర్లు వేయించారు. మొదటిది 400 అడుగులు, రెండోది 650, మూడోది 800. మొదటిదాంట్లో నాలుగేళ్లు నీళ్లు వచ్చి నిలిచిపోయాయి. తక్కిన రెండింటిలో దుమ్ము లేచింది. ఆ దుమ్ము ఎలా వుంటుందో చూసినవారికే తెలుసు. బోరు బండి రాత్రంతా రంకెలు వేస్తుంటే, గొట్టం లోంచి తెల్లటి పిండి లేచి ఇంటిల్లిపాది మీదా పడుతుంది. ఆ పిండి తడిస్తే పండగ, తడవకపోతే అప్పు.

నాతో చదువుకున్న మిత్రుడొకరు భూగర్భజలాల పనిలో ముప్ఫయ్యేళ్లు గడిపి రిటైరయ్యాడు. బతిమాలి వెంటబెట్టుకుని వెళ్లాను. మేము చేరేసరికి చేలో ఇంకొకాయన వున్నాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నడుస్తున్నాడు. నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందట. ఒక చోట నిలబడింది కూడాను. అన్న నా వైపు గర్వంగా చూశాడు.

మిత్రుడు ఆ టెంకాయను వెక్కిరించలేదు. బోరు దగ్గర కుప్ప పోసిన పిండిని చేతిలోకి తీసుకుని ఊదాడు. గట్టు మీది బండను చిన్న సుత్తితో కొట్టి, పగిలిన ముక్కను అన్న చేతిలో పెట్టాడు.

"అన్నా, దీంట్లో ఏం కనిపిస్తుంది?"

"తళుకులు."

"ఆ తళుకులన్నీ ఒకదానికొకటి ఎట్లా అతుక్కున్నాయో చూడు. మధ్యన సందు లేదు. ఈ రాయి కరిగి వుండి, బహు నిదానంగా చల్లారింది. అంత నిదానంగా చల్లారాలంటే పైన దుప్పటి వుండాలి. కొన్ని మైళ్ల మందం రాతిదుప్పటి. ఇప్పుడు ఆ దుప్పటి ఏదీ?"

అన్న ఆకాశం వంక చూశాడు. నేనూ చూశాను.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని అతను చెప్పినది, తరువాత నేను పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నది కలిపి చెబుతాను. ఇంట్లో పిల్లలుంటే వారినీ పిలవండి. వారికి మనకంటే త్వరగా అర్థమవుతుంది.

పొయ్యి మీద పాలు కాగి దించాక మీగడ కట్టడం చూసే వుంటారు. వేడి పాలు కింద మెల్లగా కదులుతుంటే పైన మీగడ తునకలు తేలుతూ జరుగుతుంటాయి. రెండు తునకలు ఎదురుపడితే ఏమవుతుంది? ఒకటి రెండోదాని కిందికి జారుతుంది, లేదా రెండూ కలిసి ముడతపడి పైకి లేస్తాయి. భూమి పైపొర కూడా ఇలాగే కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి వుంది. తేడా ఏమిటంటే ఈ పలకల మందం వంద కిలోమీటర్ల దాకా వుంటుంది, కింద వున్నది పాలలాంటి ద్రవం కాదు, వేడికి మెత్తబడి యుగాల మీద కదిలే రాయి. ఖండాలు కదులుతాయని జర్మనీ దేశస్థుడు వెగెనర్ 1912లో చెబితే పండితులు ఎగతాళి చేశారు. సముద్రాల అడుగును కొలిచి చూశాక, 1960 తర్వాతి పదేళ్లలో, ఎగతాళి చేసిన శాస్త్రమే దాన్ని నెత్తిన పెట్టుకుంది.

సముద్రపు పలక బరువైనది. అది ఎదురు పలకను తాకితే వంగి కిందికి దిగిపోతుంది. దిగిన చోట సముద్రంలో లోతైన అగడ్త పడుతుంది. పసిఫిక్‌లోని మేరియానా అగడ్త దాదాపు 11 కిలోమీటర్ల లోతు. కిందికి పోయిన పలక తనతో నీటిని తీసుకుపోతుంది, ఆ నీటి వల్ల పైనున్న వేడి రాయి కరుగుతుంది, కరిగినది అగ్నిపర్వతమై పైకొస్తుంది. మన అండమాన్లు ఇలాంటి చోటే వున్నాయి. కిందికి దిగే పలక మీది మట్టీ రాయీ గీరుకుని పోగైతే ఆ దీవుల వరుస ఏర్పడింది. దాని తూర్పున బారెన్ దీవిలో అగ్నిపర్వతం ఇప్పటికీ పొగలు కక్కుతుంది. ఇంకా తూర్పున నేల సాగి అండమాన్ సముద్రం పుట్టింది. అంటే పలకలు ఢీకొంటే కొండలే కాదు, సముద్రాలూ పుడతాయన్నమాట. అక్కడే 2004 డిసెంబరు 26న వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రగర్భం ఒక్కసారి జారింది. ఆ అలలు మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాల దాకా వచ్చి ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పాయో మరిచిపోయేది కాదు.

రెండు వైపులా ఖండాలే వుంటే కథ మారుతుంది. ఖండం తేలిక, కిందికి దిగదు. మన దేశం దక్షిణాన వున్న పెద్ద భూఖండం నుంచి విడివడి, ఉత్తరానికి పరుగెత్తి, సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట ఆసియాను గుద్దుకుంది. మధ్యనున్న టెథిస్ సముద్రం మూసుకుపోయి దాని అడుగు ముడతపడి హిమాలయమైంది. ఎవరెస్టు శిఖరం మీది రాయి సముద్రజీవుల గుల్లలున్న సున్నపురాయి. అంత దూరం ఎక్కనక్కరలేదు. మీ పూజగదిలో సాలగ్రామం వుందా? నేపాలులోని గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతి మీది చక్రం, టెథిస్ సముద్రంలో ఈదిన ఒక నత్తజాతి జీవి గుల్ల అచ్చు. మా అమ్మ రోజూ అభిషేకం చేసిన రాయి ఒక సముద్రపు ఆనవాలని తెలిశాక నా భక్తి తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

ఇక్కడ వదినె అడ్డు తగిలింది. "కొండ లేస్తే పక్కన గుంత ఎందుకు పడతాది?"

మిత్రుడు తాను కూర్చున్న నులకమంచం చూపించాడు. మనిషి కాస్త భారీ. "నేను ఈ అంచున కూర్చుంటే నులక నా కిందే కాదు, నా పక్కన కూడా కుంగింది చూడండి వదినెమ్మా. హిమాలయాల బరువుకు వాటి ముందరి నేల అట్లాగే కుంగింది. ఆ గుంత నిండా కొండల మీది మట్టి వచ్చి పడింది. అదే గంగా మైదానం."

మంచం కిర్రుమంది. వదినె నవ్వింది. ఆ ఇంట్లో నెల రోజుల తర్వాత అదే మొదటి నవ్వని అన్న తర్వాత చెప్పాడు.

ఇక మా ఊరు. మా కింది రాయి హిమాలయాలకు తాత ముత్తాత. వయస్సు 250 కోట్ల సంవత్సరాలు, దాని అటూ ఇటూ. ఆనాడు పలకలు సరిగ్గా ఇప్పటి మాదిరే నడిచాయా అన్న విషయంలో శాస్త్రజ్ఞులలో ఇంకా వాదం తెగలేదు. కాని సముద్రాలుండేవి, అవి మూసుకుపోయాయి, నేల తునకలు ఒకదానికొకటి అతుక్కున్నాయి అన్నదానికి సాక్ష్యాలు మా చుట్టూనే వున్నాయి. చిత్రదుర్గం దగ్గర మరడిహళ్లిలో తలగడలు పేర్చినట్లున్న రాళ్లున్నాయి. కరిగిన రాయి నీళ్లలోకి వచ్చి చల్లారితేనే ఆ ఆకారం వస్తుంది. బళ్లారికి పడమట సండూరు కొండల్లోని ఇనుపరాయి సముద్రజలంలో పొరలు పొరలుగా పేరుకున్నది. ఆ ఇనుము లారీల్లో పోతుంటే మా రోడ్లన్నీ ఎర్రబడిన రోజులు మీకు గుర్తుండే వుంటాయి. రామగిరి, జొన్నగిరి బంగారం కూడా ఆ కాలపు నొక్కిడికి నలిగిన రాళ్ల పట్టీలలోనిదే.

ఆ నొక్కిడి చివర కరిగిన రాయి పొడుగాటి పట్టీగా పైకి చొచ్చుకొచ్చింది. బెంగుళూరు పక్కని రామనగరం నుంచి పావగడ, కళ్యాణదుర్గం మీదుగా బళ్లారి దాకా, సుమారు 400 కిలోమీటర్లు. దీన్ని క్లోజుపేట గ్రానైటు అంటారు. రామనగరానికి అది పాతపేరు. 1975లో వచ్చిన షోలే సినిమాలో గబ్బర్‌సింగు తిరిగిన గుండ్లు ఇవే! ఆ సినిమా నాలుగుసార్లు చూసిన మా అన్నకు, తన పొలానికి పడమటగా పోతున్నది కూడా ఆ రాయేనని తెలిసి ముఖం కొంచెం వికసించింది.

మరి పైనున్న కొండలేమయ్యాయి? అరిగిపోయాయి. వానా, ఎండా, గాలీ పదుల కోట్ల ఏళ్లు అరగదీశాయి. పైబరువు తగ్గినకొద్దీ కింది రాయి తేలి పైకొచ్చింది, అదీ అరిగింది. చివరికి మిగిలింది కొండల వేళ్లు. మేము దున్నుకునేది ఆ వేళ్ల మీద.

అరిగిన మట్టి ఎక్కడో చేరాలి గదా. సుమారు 190 కోట్ల సంవత్సరాల కిందట మాకు తూర్పున నేల సాగి కుంగి, నెలవంక ఆకారంలో ఒక సముద్రం వచ్చింది. కడప, కర్నూలు, తాడిపత్రి, శ్రీశైలం - అంతా దాని అడుగే. దాదాపు 44,500 చదరపు కిలోమీటర్ల మేర, కొన్ని చోట్ల పది కిలోమీటర్లకు మించిన మందాన మట్టీ ఇసుకా సున్నమూ పేరుకున్నాయి. వేంపల్లె దగ్గరి రాళ్లలో, ఆ సముద్రంలో పెరిగిన నాచు పేర్చిన పొరలు ఉల్లిపాయ కోసినట్లు కనిపిస్తాయి. మీ ఇంటి వంటగదిలో కడపబండ వుంటే, దాని మీద నడిచేటప్పుడు మీరు ఆ ప్రాంతాన్ని తరువాతి కాలంలో కప్పిన సముద్రపు అడుగున నడుస్తున్నట్లే. బెలుం గుహలు తొలిచినదీ ఆ జాతి సున్నపురాయిలోనే. ఆ గుహలను 1884లో లోకానికి తెలియజేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దొరే మా బళ్లారి సీమ రాళ్ల మీద 1895లో పెద్ద గ్రంథం రాశాడు.

ఈ కడప సముద్రానికి తూర్పున మళ్లీ పలకల పోట్లాట. గూడూరు వైపున కండ్ర అనే ఊరి దగ్గర, సుమారు 185 కోట్ల సంవత్సరాల నాటి సముద్రపు పలక తునక నేల మీద చిక్కుకుని వుంది. ఆ సముద్రం మూసుకుపోయింది. అటు నుంచి పడిన తోపులకు కడప సముద్రపు తూర్పు భాగం, జంపఖానాను గోడకేసి నెట్టినట్లు, ముడతలు పడింది. ఆ ముడతలే నల్లమల. పడమటి భాగం మాత్రం పరిచిన బండలాగే నిలిచింది. శ్రీశైలం ఘాట్‌రోడ్డులో పక్కకు ఒరిగి, వంగి కనిపించే రాతిపొరలను ఈసారి బస్సు కిటికీ లోంచి చూడండి.

పలక ఇప్పటికీ నిలవలేదు. మన దేశం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. మా నాయన కట్టిన ఇంటికి డెబ్బయ్యేళ్లు. అంటే ఇల్లు మూడున్నర మీటర్లు ఈశాన్యానికి జరిగిందన్నమాట! వాస్తు చెప్పేవారు దీన్ని ఏ లెక్కలో వేస్తారో. అయితే నవ్వులాట కాదు. హిమాలయాల దగ్గరి ఒత్తిడి దక్కను రాతిలోకీ పాకుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో నేల అదిరి వేలమంది నిద్రలోనే పోయారు.

రాత్రి భోజనాలయ్యాక అన్న అసలు సంగతికి వచ్చాడు. "సారూ, అంతా బాగుంది. కొండ పోయింది, సముద్రం పోయింది. నాకు నీళ్లు యాడుండాయో చెప్పు."

మిత్రుడు చెప్పినది ఇది. ఇసుకరాయిలో రేణువుల మధ్య సందులుంటాయి, నీరు నిలుస్తుంది. లోతున పుట్టిన గ్రానైటులో సందులు లేవు. పైన మెత్తబడి చివికిన పొరలో, దాని కింది నెర్రెలలో మాత్రమే నీళ్లు. నెర్రెలు పైనే ఎక్కువ. కిందికి పోయేకొద్దీ రాతి బరువుకే మూసుకుంటాయి. మూడువందల అడుగులు దాటాక దొరికితే అదృష్టం, దొరక్కపోవడం మామూలు. "800 అడుగుల్లో నువ్వు వెతికింది నీళ్లు కాదన్నా, కొండ వేరు."

వాన సంగతి వేరే. మా జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాల నీళ్లను పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి, ఈశాన్య మేఘాలు మా దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఆ పడమటి కనుమలు ఢీకొని లేచినవి కావు, ఖండం చీలినప్పుడు నిలిచిన అంచు. మాకు మాత్రం ఏ కొండైతేనేం!

మరునాడు పొద్దున్నే అతను పొలమంతా తిరిగాడు. తూర్పుపడమరలుగా, సగం మట్టిలో పూడిన నల్లటి గుండ్ల వరుస ఒకటి చూపించాడు. చిన్నప్పుడు మేము వాటి మీద కూర్చుని రేగుపళ్లు తిన్నాం. గ్రానైటు చల్లారాక అది పగిలిన చీలికలోకి కింది నుంచి ఎగదన్ని గడ్డకట్టిన రాయట. డైక్ అంటారు. మా సీమలో ఇలాంటివి ఎన్నో, చాలావాటి వయస్సు 220, 240 కోట్ల ఏళ్ల ప్రాంతం. భూమిలో గోడ కట్టినట్లుంటుంది. వాలున దిగి వచ్చే నీటిని అడ్డుకుంటుంది.

"మీ మూడు బోర్లూ గోడకు ఏ పక్కనున్నాయి?"

మూడూ దిగువనే. టెంకాయ నిలబడినదీ దిగువనే. ఎగువన మా తాత తవ్వించిన పాతబావి పూడి, కంపచెట్లు మొలిచి వుంది. తాతకు డైకు తెలియదు, పలకలు తెలియవు. ఎండాకాలంలో ఏ గడ్డి చివరిదాకా పచ్చగా వుంటుందో తెలుసు.

మిత్రుడు భూమిలోకి కరెంటు పంపి చూసే పెట్టెతో రోజంతా కొలిచాడు. బావి పక్కన 200 అడుగులకు మించవద్దని, ముందు బావి పూడిక తీయమని, వాననీరు ఆగేటట్లు ఎగువన ఒక కుంట తవ్వమని చెప్పాడు. పడి తీరుతాయని మాత్రం అనలేదు. అన్న ఆ రాత్రి నిద్రపోలేదు. వదినె గొలుసు తీసి పీట మీద పెట్టింది. పొద్దున్న అన్న దాన్ని మళ్లీ ఆమె చేతికే ఇచ్చి, ఎద్దులబండి అమ్మి కుంట తవ్వించాడు.

బావి పక్కన 170 అడుగుల దగ్గర పిండి తడిసింది. ఒకటిన్నర ఇంచి నీళ్లు. మూడెకరాల చెట్లు నిలిచాయి. రెండెకరాలకు అప్పటికే ఆలస్యమైంది. అన్న వాటిని తానే నరికించి, ఆ నేలలో పప్పుశనగ చల్లాడు. నరికిన రోజు అతను భోజనానికి లేవలేదు.

నిరుడు మార్గశిరంలో అందరం కలిసి తిరుమల వెళ్లాం. అక్కడి ఘాట్‌రోడ్డు పక్కన ఒకచోట, కింద మా ఊరిలాంటి పాత గ్రానైటు, దాని మీద ఇసుక గడ్డకట్టిన రాయి పరుపు పరిచినట్లు కనిపిస్తాయి. రెంటి మధ్య గీత సన్నగా వుంటుంది. ఆ గీత 60 కోట్ల సంవత్సరాలకు తక్కువ కాని విరామం. కొండలు అరిగి చదునై, మళ్లీ సముద్రం వచ్చేదాకా పట్టిన కాలం. ఈ ఇసుక, అరిగిపోయిన అలాంటి పాతకొండలదే. వేన్ను కాసేపు పక్కకు ఆపించి వదినెకు చూపించాను.

ఆమె మెడలోని గొలుసు సవరించుకుని చాలాసేపు చూసింది.

"మన కొండ ఈడికొచ్చి సామి కాళ్ల కింద చేరిందా?" అంది.

వెనక కారువాడు హారను కొడుతున్నాడు. అన్న ఆమె చెయ్యి పట్టుకుని వేనెక్కించాడు.